ఫ్రెంచ్ మొదలుపెడుతున్నారా? పలకడం, మొదటి వ్యాకరణం తెలుగు నోటితో ఎలా నేర్చుకోవాలి

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలు, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాయాలనుకునేవాళ్ళు, ఫ్రాన్స్‌లో ఎమ్మెస్ సీటొచ్చినవాళ్ళు, అందరూ అడిగేది దాదాపు ఒకటే. "రాసేదొకటి, పలికేదొకటి, వస్తువులకు కూడా ఆడా మగా అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

మనవాళ్ళు చేసే అసలు పొరపాటు ఫ్రెంచ్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి, చివరికి పలకడం కూడా ఇంగ్లీషు స్పెల్లింగ్ చదివినట్టే పలికేస్తారు. నిజానికి ఫ్రెంచ్ శబ్దాలు చాలావరకు ఇంగ్లీషు కన్నా తెలుగుకే దగ్గర. త, ద ఉన్నాయి, సంధులు ఉన్నాయి, మీరు-నువ్వు తేడా ఉంది, మనం ఎప్పుడో రాయడం మానేసిన అరసున్న పని కూడా ఉంది. వీటిని వాడుకుంటే సగం టెన్షన్ పోతుంది.

కావలసినవి

- ఒక నోట్‌బుక్. పేజీని మూడు గడులు చేయండి: ఫ్రెంచ్ స్పెల్లింగ్, తెలుగులో శబ్దం, అర్థం.
- రికార్డింగ్ ఉన్న ఫోన్. అందులో ఫ్రెంచ్ కీబోర్డు, ఫ్రెంచ్ వాయిస్ టైపింగ్ పెట్టుకోండి.
- చిన్న చేతి అద్దం, హెడ్‌ఫోన్స్.
- అసలు ఫ్రెంచ్‌వాళ్ళ గొంతు. విడి పదాలకు ఫోర్వో అనే సైటు, పాఠాలకు టీవీ5మోంద్ వాళ్ళ ఫ్రెంచ్ నేర్చుకునే పేజీలు (మన తెలుగు న్యూస్ చానెల్ కాదు, అది వేరే) చాలు. రెండూ ఉచితమే.

ఇక్కడ నేను వాడే గుర్తులు

అరసున్న (ఁ) ఉంటే అచ్చు ముక్కులోంచి రావాలి. ౙ అంటే "జీరో"ని ఇంగ్లీషులో సరిగ్గా అన్నప్పటి శబ్దం. మామూలు జ రాసినచోట "టెలివిజన్"లో పలికే మెత్తని జ అనుకోండి, నాలుక పైన తగలకూడదు. త్యు, ద్యు, ర్యు అని యావత్తు కింద ఉకారం కనిపిస్తే అక్కడ య పలకదు, దాని సంగతి 2వ మెట్టులో చెబుతాను.

1. ట, డ మానేయండి. పదం చివర ఉకారం తగిలించకండి

ఫ్రెంచ్‌లో టి, డి అక్షరాలకు మన త, ద శబ్దాలే. నాలుక పై పళ్ళను తాకాలి. టేబుల్‌కి వాళ్ళ మాట తాబ్ల్. ఇంగ్లీషు అలవాటులో చాలామంది "టాబ్లే" అంటారు, అది వినగానే తెలిసిపోతుంది. ప, త, క పలికేటప్పుడు ఇంగ్లీషువాళ్ళలా గాలి ఊదక్కర్లేదు, తెలుగులో ఎలా పలుకుతామో అలాగే.

రెండోది మనకే ఉన్న అలవాటు. బస్సు, కారు, పెన్ను అని హల్లుతో ఆగే ప్రతి పరాయి మాటకూ ఉకారం చేరుస్తాం. ఫ్రెంచ్‌లో అది కుదరదు. "పర్ల్" అని ఆపేయాలి, "పర్లు" అనకూడదు. రికార్డు చేసి విన్నప్పుడు ముందు వెతకాల్సింది ఈ ఉకారాన్నే.

2. మనకు లేని ఉ

ఇది తెలుగులో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. అద్దం తీసుకోండి. "ఈ" అని పొడుగ్గా అంటూ ఉండండి. నాలుకను కదపకుండా పెదవులను మాత్రం "ఊ" అన్నట్టు ముందుకు చుట్టండి. వచ్చిన శబ్దమే అది. నాలుక వెనక్కి జారితే మామూలు "ఊ" అయిపోతుంది, మధ్యలో గాలి తెగితే "యూ" అయిపోతుంది. రెండూ తప్పే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, అర్థమే తలకిందులవుతుంది కాబట్టి. దస్యు అంటే పైన, దసూ అంటే కింద. ర్యు వీధి, రూ చక్రం. త్యు నువ్వు, తూ అంతా. ఈ మూడు జతలనే రోజూ పది నిమిషాలు అనండి, వారం వరకూ కొత్త పదాల జోలికి పోకపోయినా నష్టం లేదు.

ల, ద, జ, న అని చిన్న పదాలు వస్తాయి కదా, వాటి చివరి అకారాన్ని కూడా పెదవులు కొంచెం ముందుకు పెట్టి అనండి. పెదవులు విప్పి "లా" అంటే వేరే పదం.

3. ముక్కుతో పలికే మూడు అచ్చులు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. పుస్తకంలో ఎన్ కనిపిస్తుంది, నోరు "న్" అనేస్తుంది. ఫ్రెంచ్‌లో అచ్చు తర్వాత వచ్చి, తన వెనక అచ్చు లేని ఎన్ గానీ ఎమ్ గానీ సాధారణంగా విడిగా పలకదు. ముందున్న అచ్చును ముక్కులోకి పంపి అది తప్పుకుంటుంది.

- పేఁ: రొట్టె. ఈ ఏ "నేను"లో ఏ కాదు. "మేక" అన్నప్పుడు నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది చూడండి, ఆ ఏ.
- పాఁ: నెమలి. నోరు బాగా తెరిచి, గొంతు లోపలి నుంచి.
- పోఁ: వంతెన. పెదవులు గుండ్రంగా.

మూడూ వరసగా అనండి: పేఁ, పాఁ, పోఁ. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. పోఁ అన్నాక నోరు అలాగే ఉంచి ఆగండి. పెదవులు మూసుకుని ఉంటే మీరు "మ్" చేర్చారు. నాలుక కొన పళ్ళ వెనక తగిలి ఉంటే "న్" చేర్చారు. రెండూ లేకుండా, ముక్కు పట్టుకుంటే శబ్దం మారిపోతుంటే సరిగ్గా వచ్చినట్టు.

ఎన్ తర్వాత అచ్చు ఉన్నా, రెండు ఎన్‌లు ఉన్నా ముక్కు పని ఉండదు, న్ మామూలుగా పలుకుతుంది. మంచి అనే మాట పుంలింగంలో బోఁ, స్త్రీలింగంలో బొన్.

4. గొంతు ర: దీనికోసం ఆగిపోకండి

ఫ్రెంచ్ ర నాలుక కొనతో రాదు. హైదరాబాద్‌లో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు "గజల్", "గరీబ్" అనేటప్పుడు మొదటి అక్షరం గొంతు దగ్గర రాపిడితో వస్తుంది, ఇంచుమించు అదే చోటు. త, ప, క పక్కన వచ్చినప్పుడు ఇంకా గాలి శబ్దంలా, "ఖుదా"లో ఖ లాగా వినిపిస్తుంది. రాకపోతే మన ర తోనే మాట్లాడండి, అర్థమవుతుంది. ఆఫ్రికాలో కోట్లమంది మాట్లాడే ఫ్రెంచ్‌లో నాలుకతో అనే ర మామూలే. 2, 3 మెట్లు తప్పితే అర్థం పోతుంది, ఇది తప్పితే యాస మాత్రమే పోతుంది. టైమ్ ఎక్కడ పెట్టాలో మీరే చూసుకోండి.

5. చివరి అక్షరాలు: ఏది పలుకుతుంది, ఏది పలకదు

పదం చివర ఎస్, టి, డి, ఎక్స్, పి ఉంటే సాధారణంగా పలకవు. పారిస్ నగరం పరి, చిన్న అంటే పతి, పెద్ద అంటే గ్రాఁ. సి, ఆర్, ఎఫ్, ఎల్ ఉంటే ఎక్కువసార్లు పలుకుతాయి: అవెక్ (తో), మెర్ (సముద్రం), షెఫ్, సెల్ (ఉప్పు). కానీ క్రియ చివర ఇ-ఆర్ ఉంటే ఆ ఆర్ పలకదు, ఏ అని మాత్రమే వస్తుంది: పర్లే, మాట్లాడటం.

చివర గుర్తు లేని ఉత్త ఇ ఉంటే అది పలకదు, కానీ తన ముందున్న హల్లును పలికిస్తుంది. పతికి ఇ చేరితే పతిత్, గ్రాఁకి చేరితే గ్రాఁద్. స్త్రీలింగం చెవికి తెలిసేది ఇలాగే.

హెచ్ ఎప్పుడూ పలకదు. హోటల్ ఒతెల్ అవుతుంది, మన హైదరాబాద్‌ పేరులో హెచ్ కూడా వాళ్ళ నోట ఎగిరిపోతుంది.

హెచ్చరిక: వాళ్ళు అనే కర్తతో వచ్చే క్రియ చివర సాధారణంగా ఇ-ఎన్-టి ఉంటుంది. అది మొత్తం మౌనమే. "పార్లెంట్" అని చదివితే మాస్టారు కాదు, ఎవరైనా ఆగిపోతారు. అది పర్ల్, అంతే.

6. సంధులు

ఉత్వసంధి వచ్చినవాళ్ళకు ఇది ఐదు నిమిషాల పని. వాడు + ఎక్కడ = వాడెక్కడ అయినట్టే ల + అమి = లమి (ఆ స్నేహితుడు). జ + ఏ = జే (నాకు ఉంది). రాసేటప్పుడు పడిపోయిన అచ్చు స్థానంలో పైన అపాస్ట్రఫీ (’) గుర్తు పెడతారు.

రెండో రకం వినికిడికి ముఖ్యం. పలకని చివరి హల్లు, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే లేచి పలుకుతుంది. లే + అమి = లేౙమి. వూ + అవే = వూౙవే. ఏఁ + అమి = ఏఁనమి. ఎస్ ఇక్కడ ౙ అవుతుందని గమనించండి, స కాదు.

ఈ ౙ ఎంత పని చేస్తుందో చూడండి. ఇల్ సోఁ: వాళ్ళు (అయి) ఉన్నారు. ఇల్ ౙోఁ: వాళ్ళకు ఉంది. పువాసోఁ చేప, పువాౙోఁ విషం. హోటల్లో ఆర్డరిచ్చేటప్పుడు రెండోది అనకండి.

ఎక్కడ కలపకూడదో కూడా తెలియాలి. మరియు అనే ఏ తర్వాత ఎప్పుడూ కలపకూడదు. హెచ్‌తో మొదలయ్యే కొన్ని పదాల ముందు కలపకూడదు, నిఘంటువులో వాటికి గుర్తు ఉంటుంది. హీరోలు అంటే లే ఏరో. కలిపి లేౙేరో అంటే "సున్నాలు" అయిపోతాయి.

7. ప్రతి నామవాచకాన్నీ దాని ముందుమాటతోనే రాసుకోండి

నోట్‌బుక్‌లో "తాబ్ల్: బల్ల" అని రాస్తే ఆ లైను కొట్టేసి మళ్ళీ రాయండి. "లా తాబ్ల్" అని రాయాలి. పుంలింగానికి ల, స్త్రీలింగానికి లా, బహువచనానికి రెండిటికీ లే. "ఒక" అనడానికి ఏఁ, యున్ (ఇక్కడా య పలకదు, 2వ మెట్టు ఉ).

ఇది లింగం కోసమే అనుకోవద్దు. బహువచనం ఎస్ పలకదు కదా, మరి ఒక పుస్తకమా పది పుస్తకాలా అని వినేవాడికి ఎలా తెలుస్తుంది? ల లివ్ర్, లే లివ్ర్. ముందుమాటతోనే తెలుస్తుంది.

హిందీ వచ్చినవాళ్ళు జాగ్రత్త. హిందీ లింగం ఇక్కడ పనికిరాదు. కితాబ్ హిందీలో స్త్రీలింగం, లివ్ర్ ఫ్రెంచ్‌లో పుంలింగం. మన చంద్రుడు అక్కడ స్త్రీలింగం, లా ల్యున్. అర్థాన్ని బట్టి ఊహించే బదులు పదం చివర చూడండి. స్యోఁ (టి-ఐ-ఓ-ఎన్), ఎత్ (ఇ-టి-టి-ఇ) చివరలున్నవి చాలావరకు స్త్రీలింగం. ఆజ్ (ఎ-జి-ఇ), మాఁ (ఎమ్-ఇ-ఎన్-టి) చివరలున్నవి చాలావరకు పుంలింగం, అయితే ప్లాజ్ (బీచ్), ఇమాజ్ (బొమ్మ) స్త్రీలింగాలు. అనుమానం వస్తే నిఘంటువు తెరవడమే.

విశేషణం విషయంలో మన అలవాటు అడ్డొస్తుంది. మనం ఎర్ర కారు అంటాం, వాళ్ళు కారు ఎర్ర అంటారు: యున్ వువాత్యుర్ రూజ్. చిన్న, పెద్ద, మంచి, అందమైన లాంటి కొన్ని మాత్రం ముందే వస్తాయి: ఏఁ పతి షా, ఒక చిన్న పిల్లి.

8. రెండు క్రియలు బట్టీ పట్టండి

వ్యాకరణంలో నేను బట్టీ పట్టమనేది ఈ రెండింటినే. మిగతావి వాడకంలో వస్తాయి. కింద వరస ఇది: నేను, నువ్వు, అతను, మనం, మీరు, వాళ్ళు.

"అయి ఉండటం": జ స్యుఇ, త్యు ఎ, ఇలె, నూ సొమ్, వూౙెత్, ఇల్ సోఁ.
"కలిగి ఉండటం": జే, త్యు ఆ, ఇలా, నూౙవోఁ, వూౙవే, ఇల్ ౙోఁ.

త్యు అంటే నువ్వు, వూ అంటే మీరు. వూ గౌరవానికీ, ఎక్కువమందికీ కూడా, అచ్చంగా మన మీరు లాగే. ఒక్క తేడా ఉంది. మన ఇళ్ళలో తాతగారిని మీరు అంటాం, అక్కడ సొంత తాతయ్యను మామూలుగా త్యు అనే అంటారు. షాపులో, ఆఫీసులో, తెలియనివాళ్ళతో మాత్రం వూ. షాపులోకి అడుగుపెట్టగానే ముందు బోఁజూర్ అనాలి, అది అనకుండా ధర అడిగితే మర్యాద లేదనుకుంటారు.

రెండిట్లో ఏది వాడాలో తేల్చుకోలేక తప్పు చేసేది ఎక్కువగా వయసు, ఆకలి దగ్గర. ఇంగ్లీషు మనసులో పెట్టుకుని "జ స్యుఇ" అని మొదలుపెడతారు. తెలుగులో అనుకోండి. నాకు ఇరవై ఏళ్ళు: జే వేఁతాఁ. నాకు ఆకలి: జే ఫేఁ. నాకు దాహం: జే స్వాఫ్. తెలుగులో "నాకు" వచ్చే ఈ చోట్ల జే సరిపోతుంది. ఉద్యోగం, చదువు చెప్పేటప్పుడు జ స్యుఇ వాడి, మధ్యలో "ఒక" పెట్టకండి. నేను స్టూడెంట్‌ని: జ స్యుఇ ఏత్యుద్యాఁ. అమ్మాయి అయితే ఏత్యుద్యాఁత్.

9. మామూలు క్రియలు

ఇ-ఆర్‌తో ముగిసే క్రియలే ఎక్కువ. స్పెల్లింగ్‌లో ఐదు రూపాలు కనిపించి భయపెడతాయి, చెవికి మాత్రం మూడే. జ, త్యు, ఇల్ (ఏకవచనం, బహువచనం కూడా) అన్నిటికీ పర్ల్. నూ పర్లోఁ. వూ పర్లే. మాటల్లో "మనం" అనడానికి నూ బదులు ఓఁ ఎక్కువగా వాడతారు, దానికి క్రియ ఇల్‌కి వాడినట్టే: ఓఁ పర్ల్. మొదట్లో ఇది పట్టుకుంటే సుఖం.

మాట్లాడతాను, మాట్లాడుతున్నాను రెండిటికీ జ పర్ల్ చాలు. "జ స్యుఇ పర్లే" అనేది ఇంగ్లీషు "ఐ యామ్" నుంచి వచ్చిన తప్పు, మనవాళ్ళ జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించేది. రేపటి సంగతి చెప్పడానికి "వెళ్ళటం" క్రియ ముందు పెట్టండి: జ వే పర్లే, మాట్లాడబోతున్నాను.

10. కాదు, లేదు, ప్రశ్న

క్రియకు అటు న, ఇటు పా. జ న పర్ల్ పా: నేను మాట్లాడను. మాటల్లో న ను మింగేస్తారు, జ పర్ల్ పా అని వినిపిస్తుంది. "తెలీదు" అనే జ న సే పా అయితే ఏకంగా "షే పా" అయిపోతుంది. వినేటప్పుడు సిద్ధంగా ఉండండి, పరీక్షలో రాసేటప్పుడు మాత్రం న వదలకండి. లేదు అన్నప్పుడు "ఒక" పోయి ద వస్తుంది: జే యున్ వువాత్యుర్ (నాకు కారు ఉంది), జ నే పా ద వువాత్యుర్ (నాకు కారు లేదు).

ప్రశ్నకు సులువైన దారి, మామూలు వాక్యం ముందు ఎస్క పెట్టడం. ఎస్క వూౙవే...? మీ దగ్గర ఉందా? గొంతు చివర పైకి లేపినా సరిపోతుంది.

అంకెలు 69 వరకు ఇబ్బంది పెట్టవు. 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు-ఇరవైలు, 95 అంటే నాలుగు-ఇరవైలు-పదిహేను: కాత్ర్ వేఁ కేఁౙ్. బెల్జియం, స్విట్జర్లాండ్‌లో 70కి సెప్తాఁత్, 90కి నొనాఁత్ అనే సూటి మాటలున్నాయి. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చెబుతారు కాబట్టి, మీ నంబరునే అలా జతలుగా చదివి ప్రాక్టీసు చేయండి.

వచ్చిందో లేదో చూసుకోవడం

వాయిస్ టైపింగ్ మంచి పరీక్ష, కానీ వాక్యం మొత్తం చెబితే ఫోన్ సందర్భాన్ని బట్టి ఊహించి మీ తప్పును కప్పేస్తుంది. అందుకే విడి పదాలే చెప్పండి. దస్యు, దసూ. పేఁ, పాఁ, పోఁ. పువాసోఁ, పువాౙోఁ. ఫోన్ ఏది రాసిందో చూడండి. వరసగా ఐదుసార్లు సరిగ్గా రాస్తే ముందుకు పోండి.

వినికిడికి ఎదురు పరీక్ష. ఫోర్వోలో పదం వినండి, చూడకుండా తెలుగులో రాయండి, తర్వాత స్పెల్లింగ్ చూడండి. మూడు నెలలయ్యాక ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్ళు తేలిక ఫ్రెంచ్‌లో ఇచ్చే వార్తలు వినండి, కింద రాతప్రతి కూడా ఉంటుంది. కెనడా వెళ్ళేవాళ్ళకు ఒక మాట: అక్కడ ఫ్రెంచ్ ఎక్కువగా మాట్లాడే రాష్ట్రం కెబెక్‌లో త్యు అనేది ౘ్యు లాగా, మన "చలి", "చాప"లో పలికే ౘ తో వినిపిస్తుంది. కంగారు పడకండి, గుర్తుపడితే చాలు, అలా పలకనక్కర్లేదు.

పరీక్ష రాసి చూసుకోవాలంటే ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష డెల్ఫ్‌లో తొలి స్థాయి ఎ1 ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. 100కి 50 వస్తే పాస్, అయితే ఏ ఒక్కదానిలోనూ 5 కన్నా తగ్గకూడదు. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, వివరాలు అక్కడ అడగండి. కెనడా పీఆర్‌కి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళను ఎంచుకునే డ్రాల కోసమైతే నాలుగింటిలోనూ ఎన్‌సిఎల్‌సి 7 (ఇది ఫ్రెంచ్‌కి కెనడా వాడే స్థాయి కొలత) కావాలి, అది దాదాపు బి2 స్థాయి, అంటే ఎ1 కన్నా మూడు మెట్లు పైన. ఇక్కడ రాసింది దానికి పునాది మాత్రమే, ఆరు వారాల్లో అయిపోతుందని ఎవరైనా ఫీజు అడిగితే కట్టకండి.

ఈ కింది ముక్కను మీ పేరుతో ఇవాళే రికార్డు చేయండి. నెల తర్వాత పాతది వినకుండా మళ్ళీ రికార్డు చేసి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి వినండి. అరసున్నలు, చివరి ఉకారాలు, త్యు, ఈ మూడే వెతకండి.

"బోఁజూర్. జ మపెల్ (మీ పేరు). జే వేఁతాఁ. జ స్యుఇ ఏత్యుద్యాఁ. జబిత్ ఆఁనేఁద్. జ పర్ల్ తేలుగూ ఏ ఆఁగ్లె. జ న పర్ల్ పా బ్యేఁ ఫ్రాఁసె, మె జ వే అప్రాఁద్ర్."

నమస్కారం, నా పేరు ఫలానా, నాకు ఇరవై ఏళ్ళు, నేను స్టూడెంట్‌ని, ఇండియాలో ఉంటాను, తెలుగూ ఇంగ్లీషూ మాట్లాడతాను, ఫ్రెంచ్ బాగా రాదు, కానీ నేర్చుకోబోతున్నాను అని. మీ వయసు 20 కాకపోతే ఆ ఒక్క అంకె ఫోర్వోలో విని మార్చుకోండి, అంకె తర్వాత "ఆఁ"తో సంధి ఎలా కలుస్తుందో అక్కడే వినిపిస్తుంది.